కదలకుండా నిలబడ్డ గుర్రం

నలోపాఖ్యానం నేను ఏళ్ల తరబడి పాఠం చెప్పాను. బాహుకుడి వేషంలో నలుడు ఋతుపర్ణుడి రథం తోలిన తీరు, అశ్వహృదయం ఇచ్చి అక్షహృదయం పుచ్చుకున్న వైనం చెబుతుంటే పిల్లల కంటే ముందు నాకే ఒళ్లు పులకరించేది. విరాటుడి కొలువులో నకులుడు దామగ్రంథి అని పేరు మార్చుకుని గుర్రాలశాలలో చేరిన ఘట్టమూ అంతే. చెప్పీ చెప్పీ గుర్రం నాకు తెలుసన్న నమ్మకం ఎప్పుడో లోపల కుదురుకుంది. రిటైరయ్యాక ఆ నమ్మకంతోనే ఒక గుర్రప్పిల్లను కొని తెచ్చాను. మనిషి చెయ్యి తగలని పిల్ల. దానికి నేను చేసిన అన్యాయమేమిటో, అది అన్యాయమని నాకు తెలియడానికి ఎంత ఆలస్యమైందో రాసిపెట్టాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

మా చెలక ములకలపల్లి దాటాక అడవి అంచున ఉంది. మిర్చి, పత్తి, అశ్వారావుపేట వైపు పామాయిల్ తోటలు. వాటి వెనక టేకు, మద్ది, తునికి, వెదురు, మధ్య మధ్య కోయగూడేలు. ఈ ఊళ్లలో గుర్రం అలవాటు లేదు. తునికాకు కట్టలైనా ఇప్పపువ్వైనా నెత్తిన రావాలి, కావడిలో రావాలి, లేదంటే బండి మీద రావాలి. గోదావరి దాటి తూర్పుగా విశాఖ మన్యం పోతే కథ వేరు. పాడేరు, చింతపల్లి, జి.మాడుగుల కొండల్లో రోడ్డు లేని గూడేలకు గుర్రమే ఆధారం. సంతకు పసుపు బస్తా దిగాలన్నా, ఉప్పూ బియ్యం పైకెక్కాలన్నా దాని వీపు మీదే. అక్కడి పిల్లలు గుర్రాల మధ్యే పెరుగుతారు. మా దగ్గర గుర్రమంటే ఖమ్మంలో పెళ్లి బరాత్‌లో చూసేది, భద్రాద్రి రామయ్య అశ్వవాహనమెక్కి వస్తే దండం పెట్టుకునేది.

అడుగుదామన్నా తెలిసిన మనుషులు లేరు. 2012 పశుగణనలో దేశం మొత్తం మీద గుర్రాలు, పొట్టి గుర్రాలు కలిపి 6.25 లక్షలు. 2019 గణనకు 3.4 లక్షలకు పడిపోయాయి. గుర్రం తరిగిపోతే గుర్రం తెలిసిన మనిషీ తరిగిపోతాడు. జట్కాలు పోయినప్పుడు వాటితోపాటు ఏమేం పోయిందో మనం లెక్క రాసుకోలేదు.

నాకు తెలిసింది ఎద్దు. మా నాన్న కోడెల్ని మరపడం చిన్నప్పటి నుంచీ చూశాను. ముక్కు కుట్టి ముకుతాడు వేస్తారు. కుదురైన పాత ఎద్దు పక్కన కాడి కట్టి, వెనక దుంగ తగిలించి, పొద్దున్నా సాయంత్రమూ దుక్కిలో నడిపిస్తారు. కొన్నాళ్లు తల విదిలిస్తుంది, పడుకుంటుంది, తర్వాత దారికొస్తుంది. గుర్రమూ అంతేననుకున్నాను. నా తప్పులన్నీ ఈ ఒక్క మాటలోంచే మొలిచాయి. ఎద్దుకు కొమ్ములున్నాయి. భయమేస్తే తల వంచి నిలబడి ఎదుర్కోగలదు. గుర్రానికి దేవుడిచ్చింది పరుగొక్కటే. మెడకు తాడు వేసి గుంజకు కట్టామంటే, ప్రాణం కాపాడుకోవడానికి దానికున్న ఒక్క దారినీ మూసేశామన్నమాట. ఇంత చిన్న సంగతి నాకు తోచలేదు.

మహారాష్ట్రలో నాందేడ్ జిల్లా లోహా తాలూకాలో మాళేగావ్ అని ఒక ఊరుంది. మార్గశిరంలో అక్కడ ఖండోబా జాతర జరుగుతుంది. గుర్రాలు, గాడిదలు, ఒంటెలు పెద్ద ఎత్తున అమ్మకానికొస్తాయి. తెలిసినవాళ్లతో కలిసి వెళ్లాను. ఒక మూల పిల్లల గుంపు. వాటి మధ్య గోధుమెరుపు ఒళ్లు, నల్లటి జూలు ఉన్న ఆడపిల్ల ఒకటి తల్లి డొక్కకు ఆనుకుని నిలబడి ఉంది. దాన్నే చూపించాను. మూడేళ్లది, ఇంకో నెలలో జీను వేసుకోవచ్చు అన్నాడు అమ్మేవాడు. నేను పళ్లు చూడలేదు. చూసినా తెలిసేది కాదు. తర్వాత మా పశువైద్యుడు చూసి, ముందు పళ్లన్నీ పాలపళ్లేనన్నారు. గుర్రానికి మొదటి జత పాలపళ్లు ఊడి గట్టిపళ్లు వచ్చేది రెండున్నరేళ్లకు. అంటే నేను కొన్నప్పటికి అది అంతకంటే చిన్నది. ఎముక ఇంకా ముదరని ఆ పిల్ల మీద నెలలో ఎక్కి కూర్చోవాలని నేను కలలు కంటున్నాను.

కాగితాల సంగతీ అంతే. 1978 నాటి జంతు రవాణా నిబంధనల ప్రకారం గుర్రాన్ని దూరం తీసుకెళ్లాలంటే, అది ప్రయాణానికి తగి ఉందని, అంటురోగం లేదని పశువైద్యుడి ధ్రువపత్రం ఉండాలి. గ్లాండర్స్ అని గుర్రాలకు వచ్చే జబ్బొకటి మనుషులకూ అంటుతుంది, ప్రాణాలు తీస్తుంది. అందుకే రక్తపరీక్ష అడుగుతారు. నేను డబ్బు చేతిలో పెట్టి తాడు చేతిలోకి తీసుకున్నాను, అంతే. ఇంటికొచ్చాక చేయించిన పరీక్షలో ఏమీ లేదని తేలింది కాబట్టి సరిపోయింది. ఉండి ఉంటే నా ఇంటివాళ్ల గతేమిటి, పొలంలో పనిచేసేవాళ్ల గతేమిటి అని ఇప్పటికీ కొన్ని రాత్రులు ఉలిక్కిపడతాను.

వీటన్నిటికంటే పెద్ద పొరపాటు దాన్ని ఒంటరిగా తేవడం. లారీ ఎక్కించేటప్పుడు తల్లి సకిలింపు చాలా దూరం వినిపించింది. పిల్ల బదులిస్తూనే ఉంది. ఊరు దాటగానే మరిచిపోతుందిలే అన్నారెవరో. నేనూ తలూపాను.

ఇంటికి తెచ్చి వేపచెట్టుకు పొట్టిగా కట్టేశాను. తాడు పొడుగుంటే కాలికి చుట్టుకుంటుందని నా జాగ్రత్త. అది వెనక్కి గుంజింది, లేచి నిలబడింది, పడింది, మళ్లీ లేచింది. పలుపు చెవుల వెనక ఒరుసుకుని చర్మం లేచిపోయింది. సాయంత్రానికి గుంజడం ఆగిపోయింది. తల కాస్త పైకెత్తి కదలకుండా నిలబడింది. నేను దగ్గరికెళ్లాను, మెడ మీద చెయ్యి వేశాను. కదల్లేదు. వీపు నిమిరాను. కదల్లేదు. ఆనందంతో నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఫోన్ తీసి ఫొటోలు తీయించుకున్నాను. ఒక్క పూటలో మచ్చికైందని స్నేహితులకు పంపాను.

మా దగ్గర పనిచేసే కోయ ఆవిడ అప్పుడే కట్టెల మోపు దించి, చాలాసేపు దాన్నే చూసింది.

"సారూ, దాని మీద ఈగలు వాలినయ్, చూసినవా?" అంది.

చూశాను. కంటి కొసన, చెవుల వెనక పుండు మీద ముసురుకుని ఉన్నాయి.

"తోక కొడతలేదు. తోలు గూడ అదరట్లే. ఊపిరి బిగబట్టుకొని నిలబడ్డది. అది మచ్చికగాదు సారూ, సచ్చిపోయినట్టు నిలబడ్డది."

నేను ఆమె మాట వినలేదు. విననందుకు సిగ్గుపడుతున్నాను. పశువుల మధ్య బతికిన మనిషి కళ్లారా చూసి చెప్పిందాన్ని, పుస్తకాల్లో గుర్రాలు చూసిన నేను తోసేశాను. చాలా తర్వాత చదివాను: ఎంత గింజుకున్నా ఫలితం లేదని తేలాక జీవి గింజుకోవడమే మానేస్తుందని, తర్వాత దారి తెరిచి పెట్టినా కదలదని సెలిగ్మన్, మేయర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు 1967లోనే కుక్కల మీద చేసిన ప్రయోగాల్లో చూపించారట. ఆ వ్యాసం చదువుతుంటే నాకు కుక్కలు కనిపించలేదు. వేపచెట్టు కింద, కంటి కొసన ఈగ వాలినా రెప్ప కొట్టని పిల్ల కనిపించింది. ఒప్పుకోలు అని నేను మురిసిపోయింది ఆశ వదులుకోవడాన్ని.

మర్నాడు తాడు పొడుగు చేయబోతే దాని బెదురంతా మళ్లీ బయటికొచ్చింది. నేను నిమిరిన చోటే ముట్టనివ్వలేదు. అప్పుడు వెదురు దడి కట్టి అందులో వదిలాను. ఫోన్లో వీడియోలు చూసి, దడి లోపల గుండ్రంగా తరిమాను. అలసిపోయాక నా వైపు తిరుగుతుందని అందులో చెప్పారు. అది అలసిపోయింది. నా వైపు తిరగలేదు. దడి మూలన తల పెట్టి నిలబడింది.

ఇక తిండితో మంచి చేసుకుందామనుకున్నాను. గుర్రానికి ఉలవలు ఇష్టం కదా. మా ఆవిడ గంపెడు ఉలవలు ఉడికించి ఇచ్చేది, నేను తొట్టిలో పోసి దూరంగా నిలబడేవాణ్ని. నేను కనుమరుగయ్యాకే తినేది. "తిండి పెట్టిన చేతినే చూసి పారిపోతోందంటే, ఆ చేతిలో దానికి ఇంకేదో కనిపిస్తోందండీ," అంది మా ఆవిడ. నేను ఉలవలు ఇంకొంచెం పెంచాను.

గుర్రం పగలూ రాత్రీ కొంచెం కొంచెంగా గడ్డి మేస్తూ ఉండాల్సిన జీవి. దాని ఒంటికి కడుపు చాలా చిన్నది. ఒక్కసారిగా గింజ పడితే పెద్దపేగులోకి దిగి పులుస్తుంది, గాలి పట్టేస్తుంది. పైగా గుర్రానికి వాంతి కాదు. లోపలికి పోయింది వెనక్కి రాదు. ఇవన్నీ నాకు ఒక రాత్రి తెలిసొచ్చాయి. అది ముందు కాలితో నేల గీరుతోంది, తల తిప్పి డొక్క వైపు చూసుకుంటోంది, పడి దొర్లుతోంది. చలికాలం రాత్రి ఒళ్లంతా చెమట. డాక్టరు గారు తెల్లవారకముందే బండి మీద వచ్చారు. మంచి మనిషి. దడి బయట నిలబడి, "పట్టుకోండి, చూస్తాను," అన్నారు.

పట్టుకునేవాళ్లెవరు? నెలల తరబడి నా దగ్గరుంది, మెడకు తాడు వేయించుకోవడం రాదు. నడిపిస్తే మంచిదన్నారు. నడిపించడానికి నా వెంట వస్తేగా. చివరికి మిర్చి కోతకొచ్చిన మగవాళ్లను పిలిచి, కాళ్లకు ఉచ్చులు వేసి కింద పడేశాం. ఇద్దరు మెడ మీద కూర్చున్నారు. నొప్పి తగ్గే ఇంజెక్షన్ చేసి, ముక్కులోంచి గొట్టం దించి లిక్విడ్ పారాఫిన్ పోశారు. దాని కన్ను నా మోకాలికి జానెడు దూరంలో ఉంది. తెల్లగుడ్డు అంతా కనిపిస్తూ నన్నే చూస్తోంది. ప్రాణం దక్కింది. దక్కించింది డాక్టరు గారు. ఆ స్థితికి తెచ్చింది నేను.

అప్పటిదాకా దాని నమ్మకం నా ముచ్చట కోసం కావాలనుకున్నాను. అది మచ్చిక కావలసింది నా కోసం కాదు, జబ్బు చేస్తే ఒక మనిషి చెయ్యి దాన్ని తాకగలగడం కోసమని అర్థమైంది. నేను తీర్చని బాకీ అది.

ఖమ్మంలో ఒకప్పుడు జట్కా తోలిన పెద్దాయన ఉన్నారని తెలిసి వెళ్లి కాళ్లావేళ్లా పడ్డాను. చాచా అంటాను ఆయన్ని. వచ్చారు. చేతిలో తాడు లేదు, దాణా లేదు. దడి లోపలికెళ్లి నేల మీద దానికి వీపు పెట్టి కూర్చున్నారు. చాలాసేపు ఏమీ చేయలేదు.

"మీరు దాని దగ్గరికి పోతరు, అది బెదిరేదాకా పోతరు. అది ఉరికినంక మీరు ఆగుతరు," అన్నారు తర్వాత. "అంటే ఏం నేర్పినట్టు? ఉరికితే సారు ఆగుతడని. అది చెవి మీ దిక్కు తిప్పంగనే మీరే ఎనక్కి రండి సారూ. ఉరికే పని దానికి పెట్టకండి."

ఆయన చెప్పింది ఇంతే. చేయడం మాత్రం చాలా కష్టం. అడుగు ముందుకేయడం చేతనైన మనిషికి వెనక్కి వేయడం ఇంత బరువని నాకు తెలీదు. గుర్రానికి కళ్లు తల పక్కన ఉంటాయి, చుట్టూ దాదాపు అంతా కనిపిస్తుంది. కనిపించనిది సరిగ్గా ముక్కు ముందూ, తోక వెనకా. నేను రోజూ ఎదురుగా నుదుటి మీదికే చెయ్యి చాస్తూ వచ్చాను. ఇక భుజం పక్కకు చేరడం అలవాటు చేసుకున్నాను. చెవి తిరగ్గానే వెనక్కి. తల దించితే వెనక్కి. పెదవి నాకినట్టు చేస్తే వెనక్కి. అది ఏ చిన్న మంచి పని చేసినా నేను తప్పుకోవడమే దానికి బహుమానం. క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలో గ్రీకు యోధుడు జెనొఫోన్ గుర్రాల పెంపకం మీద రాసిన గ్రంథంలో, పిల్లగుర్రానికి ఆకలి, దప్పిక, ఈగల బాధ ఒంటరితనంతోనూ, తిండి, నీళ్లు, ఆ బాధ నుంచి విడుదల మనిషితోనూ ముడిపడాలని ఉంది. నేను దానికి తలకిందులుగా నేర్పాను: బాధంతా మనిషితో, విడుదల ఒంటరితనంతో.

చాచా ఇంకో మాటా అన్నారు. "ఇది పడుకొని నిద్రపోతదా?" నేను ఎప్పుడూ చూడలేదు. గుర్రం నిలబడే కునుకు తీస్తుంది కానీ, గాఢనిద్ర కావాలంటే పడుకోవాల్సిందే. పడుకోవాలంటే పక్కన ఇంకొకటి మేలుకుని ఉందన్న భరోసా కావాలి. మా గేదెపెయ్యకు రక్తపరీక్ష చేయించి, దాన్ని దడికి ఆనుకుని కట్టాం. మొదట్లో రెండూ ఒకదాన్నొకటి పట్టించుకోలేదు. ఒక తెల్లవారుజామున వెళ్లేసరికి పిల్ల నేల మీద పక్కకు ఒరిగి, కాళ్లు చాపి, పెదవులు అదురుతూ నిద్రపోతోంది. పెయ్య నెమరేస్తూ పక్కన నిలబడి ఉంది. నేను వచ్చిన దారినే తిరిగి వెళ్లిపోయాను. నా ఇంటికొచ్చాక దానికి కంటి నిండా నిద్ర లేదన్నమాట. అలసిపోయిన పిల్లకు నేను పాఠాలు చెప్పబోయాను.

ముట్టుకోనిచ్చిన చోటు మెడ ముగిసి వీపు మొదలయ్యే దగ్గర, జూలు చివర. గుర్రాలు ఒకదానికొకటి పళ్లతో గోక్కునే చోటది. అక్కడ గోకితే గుండె కొట్టుకునే వేగం తగ్గుతుందని ఫ్రాన్స్‌లో కామార్గ్ గుర్రాల మీద చేసి 1993లో ప్రచురించిన పరిశోధనలో తేలింది. నా దగ్గర గుండె కొలిచే యంత్రం లేదు. దాని పైపెదవి కనిపించింది. గోకుతూ ఉంటే ఆ పెదవి ముందుకు సాగి, పక్కకు వంకర తిరిగి, గాల్లో దేనికోసమో తడుముకుంది. మెడ నా వైపు వాల్చి నా చొక్కా భుజాన్ని ఆ పెదవితో రుద్దింది. నేను చెయ్యి తీసేస్తే మెడ మళ్లీ చేతి కిందికి తెచ్చింది. అడిగింది. దానికి సిరి అని పేరు పెట్టింది ఆ తర్వాతే.

వానాకాలంలో జోరీగలు లేచాయి. అడవి అంచున పశువులున్నవాళ్లకు వాటి సంగతి తెలుసు. కుడితే నెత్తురు కారుతుంది. సర్రా జబ్బును మోసుకొచ్చేవీ అవే. 1880లో పంజాబులో గ్రిఫిత్ ఎవాన్స్ అనే సైనిక పశువైద్యుడు ఆ జబ్బుకు కారణమైన సూక్ష్మజీవిని గుర్రాల, ఒంటెల నెత్తుట్లో కనిపెట్టాడు. గేదెల్లో అది చాలాసార్లు పైకి కనిపించకుండా ఉంటుంది, గుర్రాన్ని మాత్రం కుంగదీసి చంపుతుంది. సాయంత్రాలు దడి దగ్గర వేపాకు పొగ పెట్టేవాళ్లం. పొగ పెట్టి నేను పక్కన కూర్చుంటే, సిరి తనే వచ్చి పొగలో నా పక్కన నిలబడేది. జెనొఫోన్ చెప్పిన ఈగల మాట అప్పుడు నిజంగా అర్థమైంది.

డాక్టరు గారు నెత్తురు తీయడానికి మళ్లీ వచ్చారు. తలకు మెత్తటి తాడు ఉంది, దాని కొస నా చేతిలో వదులుగా ఉంది. దడి తలుపు తెరిచే పెట్టాం. సూది గుచ్చగానే చర్మం జలదరించింది, ఒక అడుగు పక్కకు వేసింది, తోకతో డొక్క మీద జోరీగను కొట్టింది. నేను తాడు బిగించలేదు. మళ్లీ వచ్చి నిలబడింది. కోయ ఆవిడ దడి మీద చేతులు పెట్టుకుని చూస్తోంది. ఇన్నాళ్లూ నోటిదాకా వచ్చి ఆగిపోయిన మాట ఆ రోజు చెప్పాను: "అక్కా, ఆ రోజు నువ్వు చెప్పిందే నిజం." ఆమె నవ్వి, "నాకు తెలుసు గద సారూ," అంది.

ఇంకా చాలా ఉంది. ఇప్పటిదాకా నేను దాన్ని ఎక్కలేదు. నాలుగేళ్లు నిండేదాకా ఎక్కను, ఎవర్నీ ఎక్కనివ్వను. మా తమ్ముడి పిల్లలు అలిగినా సరే. దాన్ని పడేసిన రోజు ఉచ్చు ఒరుసుకున్నది వెనక ఎడమ కాలికే, ఆ కాలు ఇప్పటికీ ఇవ్వదు. మిగతా మూడూ ఎత్తి చేతిలో పెడుతుంది. డెక్కలు పెరిగిపోతే నడక చెడుతుంది, నెలన్నరకో రెండు నెలలకో కోయాల్సిందే. వచ్చే వారం చాచా ఆకురాయి, కత్తి పట్టుకుని వస్తున్నారు. కాలు ఇవ్వకపోయినా తాళ్లు మాత్రం తీయనని ఫోన్లో ముందే చెప్పాను.

"తాళ్లెందుకు సారూ," అన్నారాయన. "మూడు కోసి పోత. నాలుగోదానికి మళ్లొస్త."